పడవలో పనికొచ్చే టెలిఫోటో జూమ్

బరంపురంలో ఉండే మాకు సెలవు దొరికితే గోపాలపూర్ తీరమో, రంభ దగ్గరి చిలికా సరస్సో, భేట్నయి పొలాల్లో మేసే కృష్ణజింకలో ఉండనే ఉన్నాయి. కెమెరాతో వచ్చిన 18-55 మిల్లీమీటర్ల లెన్సులో (ఈ అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి) జింక గట్టు మీద చుక్కలా పడుతుండడంతో, కిందటి శీతకాలం మా బావమరిది దగ్గరున్న పాత 75-300 లెన్సు అడిగి తెచ్చుకున్నాను.

రంభలో పడవ ఎక్కగానే దాని సంగతి తెలిసింది. ఎదుటి బల్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న మా అమ్మాయి ముఖం, లెన్సు రింగు ఎంత తిప్పినా ఫోకస్‌లోకి రాలేదు. ఆ లెన్సుకు కనీసం మీటరున్నర దూరం కావాలి. మా మధ్య మీటరు కూడా లేదు. నేను వెనక్కి వాలబోతే పడవవాడు ఒడియాలో కసిరాడు, మా ఆవిడ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. 300 దగ్గర తీసిన కొంగలన్నీ అలుక్కుపోయాయి. అందులో చేతి వణుకును సర్దే స్టెబిలైజర్ లేదు, నా చేతి నిలకడా అంతంతమాత్రమే.

అందుకే కొనేటప్పుడు ఎంత దూరం లాగుతుందన్నది కాక, ఎంత దగ్గరకు ఫోకస్ అవుతుంది, ఎంత బరువు అన్నవే ముందు చూశాను. పెళ్ళి ఫొటోగ్రాఫర్లకు అన్నం పెట్టే 70-200 ఎఫ్/2.8 లెన్సులు (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ లోపలికి వస్తుంది) కిలోన్నర దాకా తూగుతాయి. నీళ్ళ సీసాలు, తువ్వాళ్ళు, చిన్నవాడి మారుబట్టలు ముందే వేలాడుతున్న భుజానికి అవి తగవు. స్టెబిలైజర్ ఉన్న కెనాన్ 70-300 ఐఎస్ రెండో రకం కూడా 710 గ్రాములు. చివరికి అదే సంస్థ 2013లో తెచ్చిన ఈఎఫ్-ఎస్ 55-250 ఎస్‌టీఎం తీసుకున్నాను. బరువు 375 గ్రాములు, పొడవు 11 సెంటీమీటర్లు, 85 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదానికీ ఫోకస్ అవుతుంది. మా కెమెరా సెన్సర్ చిన్నది కనుక 250 దగ్గర కనిపించేది పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 400తో సమానం.

వాడిన లెన్సు కొనేవారు పేరు చివర 'ఎస్‌టీఎం' అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. అంతకు ముందు వచ్చిన 55-250లకు కనీస దూరం 1.1 మీటర్లు, పైగా ఫోకస్ అయ్యేటప్పుడు ముందుభాగం గిర్రున తిరుగుతుంది కాబట్టి, నీటి మెరుపు తగ్గించడానికి తగిలించిన పోలరైజర్ మాటిమాటికీ సర్దుకోవాలి.

ఇందులో ఉన్న స్టెబిలైజర్ చేతి వణుకునే ఆపుతుంది, జింక పరుగును కాదు. గట్టున కూర్చున్న కొంగను 1/80 సెకనుకు తీయగలుగుతున్నాను గానీ, భేట్నయిలో జింక గెంతితే 1/1000 కావాలి. సాయంత్రపు వెలుగులో ఎఫ్/5.6తో అంత వేగం రావాలంటే ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి, 3200 దాటుతుంది, నీడల్లో గరుకు తేలుతుంది. ఈ ధరకు, ఈ బరువుకు అది నాకు సమ్మతమే.

గోపాలపూర్ ఇసుకగాలిలో మాత్రం లెన్సు మార్చను. ఇంటి దగ్గరే 55-250 బిగించుకుని బయలుదేరతాను. అందరూ కలిసి నిలబడితే ఇందులో పట్టరు కనుక మా ఆవిడ ఫోను తీస్తుంది.