తాబేలుకి కాల్షియం: పొడి సంగతి తర్వాత

తాబేలుని పెంచుతున్నానని తెలియగానే చాలామంది అడిగేది, "కాల్షియం ఏ కంపెనీది వాడుతున్నావు?" అని. కంపెనీని నేనంత పట్టించుకోను. చాలా డబ్బాల్లో ఉండేది కాల్షియం కార్బొనేటే. గుడ్డు పెంకులో ఉండేదీ అదే. లేబుల్ మీద నేను చూసేవి రెండు: ఫాస్ఫరస్ కలపకూడదు, విటమిన్ డి3 ఉందో లేదో స్పష్టంగా రాసి ఉండాలి.

మా తాబేలు రాయుడు హెర్మన్ అనే నేల తాబేళ్ల జాతివాడు. పేరుకి తగ్గట్టే సగం రోజు రాయిలా పడి ఉంటాడు. వాడి డిప్ప పైకి కవచంలా కనిపిస్తుంది గానీ, అది పక్కటెముకలు, వెన్నెముక కలిసిపోయి ఏర్పడిన ఎముక. పైన కనిపించే పలకలు మాత్రం మన గోళ్లలో ఉండే కెరాటిన్. రక్తంలో కాల్షియం తగ్గితే ఒళ్లు ఈ ఎముకలోంచే లాక్కుంటుంది. అలా చాలాకాలం సాగితే డిప్ప, దవడ మెత్తబడతాయి, నడిచేటప్పుడు కాళ్లు ఈడుస్తాయి, వణుకు వస్తుంది. అంతదాకా వస్తే ఇంట్లో పొడి మోతాదు పెంచుకుంటూ కూర్చోకూడదు. సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాల్సిందే. గుడ్డులోంచి కొత్తగా వచ్చిన పిల్లల డిప్ప మాత్రం సహజంగానే కాస్త మెత్తగా ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఎంత పొడి పెట్టినా అది సరిగ్గా ఒంటబట్టాలంటే డి3 కావాలి. చర్మం మీద యూవీబీ కిరణాలు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) పడితే అది తయారవుతుంది, అదీ ఒళ్లు వెచ్చగా ఉంటేనే సరిగ్గా జరుగుతుంది. "మా కిటికీలోంచి బోలెడు ఎండ వస్తుంది" అనేవాళ్లకి నా జవాబు ఒకటే: మామూలు గాజు యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అలాగని గాజు తొట్టెతో సహా ఎండలో పెట్టేరు, లోపల ఉడికిపోతుంది. ఎండకి బదులు యూవీబీ ల్యాంపు వాడినా ఒక చిక్కుంది. వెలుతురు బాగానే ఉంటుంది, యూవీబీ మాత్రం మెల్లగా పడిపోతూ ఉంటుంది, మన కంటికి తెలియదు. అందుకే ఫ్లోరసెంట్ ట్యూబులని రకాన్నిబట్టి 6 నుంచి 12 నెలల్లో మార్చమంటారు. మార్చిన తేదీని నేను మార్కర్‌తో ట్యూబు మీదే రాసేస్తాను.

తర్వాత తిండి. ఫాస్ఫరస్ కన్నా కాల్షియం కనీసం రెట్టింపు ఉండాలన్నది పెంచేవాళ్లందరూ చెప్పే లెక్క. డాండెలియన్, మల్బరీ ఆకులు, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలు ఈ లెక్కకి బాగా సరిపోతాయి. పాలకూరలో కాల్షియం ఉన్నా, అందులోని ఆక్సలేట్లు దాన్ని పట్టేసుకుంటాయి. అరటిపండులో ఫాస్ఫరస్సే ఎక్కువ. రాయుడికి అదంటే ప్రాణం, అయినా పెట్టను.

ఇవన్నీ కుదిరాక పొడి. ఆకులు తడిపి చిటికెడు చల్లితే అంటుకుంటుంది. కాస్త ఎక్కువైతే మావాడు తెల్లగా లేని ఆకులే ఏరుకుని తింటాడు, మిగతాది తొక్కుకుంటూ పోతాడు. ఎదిగే పిల్లలకి తరచుగా, పెద్దవాటికి వారానికి రెండుమూడుసార్లు చల్లడం మామూలు. ఇది కాక తొట్టెలో కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఎముక ఒకటి వెనకున్న గట్టి పెచ్చు తీసేసి పడేస్తాను. బుద్ధి పుట్టినప్పుడు కొరుక్కుంటాడు, పక్షి ముక్కులా ఉండే నోటి అంచు కూడా అరుగుతుంది.

డి3 కలిపిన పొడి విషయంలో మాత్రం నాకు భయమే. ఎక్కువైన డి3 కొవ్వులో నిలవ ఉండిపోతుంది, రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల్లో, రక్తనాళాల్లో పేరుకుంటుంది. మంచి యూవీబీ ఉన్నచోట ఉత్త కాల్షియం చాలు. డి3 డబ్బా వెట్ చెబితేనే తెరుస్తాను.

డిప్ప మీద గుట్టల్లా లేస్తే వెంటనే కాల్షియం తక్కువైందని పొడి కుమ్మరించేవాళ్లని చూశాను. చిన్న వయసులో గాలి మరీ పొడిగా ఉండటం దానికి పెద్ద కారణం. ముందు తొట్టెలో తేమ సంగతి చూడాలి.

ఆడ తాబేళ్లున్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. మగది తోడు లేకపోయినా అవి గుడ్లు పెట్టగలవు, పెంకుకి కావాల్సిన కాల్షియం ఒంట్లోంచే పోతుంది. చాలకపోతే గుడ్డు లోపలే ఆగిపోయే ప్రమాదముంది. తిండి మానేసి, ఊరికే నేల తవ్వుతూ తిరుగుతుంటే అదొకసారి గుర్తుచేసుకోండి.