1959 నాటి రాయి, 41 లక్షల ఏళ్ల మట్టి

కిలవేయా ఇకి అనే అగ్నిపర్వత బిలం అంచున నిలబడి కిందికి చూస్తే నల్లటి నేల మీద సన్నగా ఒక తెల్లగీత కనిపించింది. అది కాలిబాట అనీ, దాని మీద చీమల్లా కదులుతున్నవి మనుషులనీ తెలియడానికి కాసేపు పట్టింది. మేం నిలబడ్డ చోటు మాత్రం దట్టమైన అడవి. తలెత్తి చూడాల్సినంత ఎత్తున్న ఫెర్న్ చెట్లు, వాటిని మించి ఓహియా చెట్లు, ప్రతి ఆకు కొసనా వాన చుక్క. 120 మీటర్లు దిగామో లేదో ఆ పచ్చదనమంతా గీత గీసినట్టు ఆగిపోయింది.

హవాయి పెద్ద దీవిలోని ఈ బిలం అడుగు 1959లో తయారైంది. ఆ నవంబరులో బిలం గోడ చీలి లావా చిమ్మడం మొదలైంది. ఒక దశలో ఆ ధార 580 మీటర్ల ఎత్తుకు లేచింది. ఐదు వారాల్లో లోపల లావా చెరువు నిలిచింది. పైపొర తొందరగానే గట్టిపడినా, లోపలున్నది పూర్తిగా గడ్డకట్టడానికి సుమారు 35 ఏళ్లు పట్టింది. మా అమ్మకన్నా చిన్నదైన నేల మీద నడుస్తున్నానన్న ఆలోచన ఆ దారంతా నన్ను వదల్లేదు.

రాయి మట్టి ఎలా అవుతుందో కళ్లారా చూడాలని వచ్చాను. అందుకు ఈ దీవులను మించిన చోటు లేదు. సముద్రం అడుగున, భూమి లోతుల నుంచి వేడి ఎగదన్నే చోటు ఒకటుంది. దాని మీదుగా, సముద్రాన్ని మోస్తున్న భూమి పైపెంకు ముక్క, పసిఫిక్ పలక, ఏటా 7 నుంచి 10 సెంటీమీటర్ల చొప్పున వాయవ్యానికి జరుగుతోంది. ఆగ్నేయపు కొసన ఉన్న ఈ దీవి కొత్తది, వాయవ్యానికి పోయేకొద్దీ దీవుల వయసు పెరుగుతుంది. రాయి ఒకటే, లావా గట్టిపడితే వచ్చే బసాల్టు. తేడా అంతా వయసులోనే.

తమ్ముడు ముందు నడుస్తున్నాడు. బిలం మధ్యలో ఒక పగులు దగ్గర ఆగి, "అక్కా, ఇలా వచ్చి చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. అరచెయ్యి చాపాను. వెచ్చగా తగిలి, క్షణంలో చెయ్యి చెమ్మగిల్లింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం వాసన లేదు. ఉట్టి నీటి ఆవిరి. పైన అడవి మీద కురిసే వానే ఈ రాతి మీదా కురుస్తుంది. పగుళ్లలోంచి లోపలికి ఇంకి, ఇంకా చల్లారని రాతిని తాకి, మళ్లీ గాలిలోకి లేస్తుంది. నేల, నీరు, గాలి మూడూ నా అరచేతి మీదే కలిశాయి.

ఆ పగులు అంచునే మోకాలి ఎత్తు ఓహియా మొక్క ఉంది. కొమ్మ కొసన కుంచె ముక్కలాంటి ఎర్రటి పువ్వు. నేను దాని మొదట్లో గొంతుక్కూచుని చాలాసేపు చూశాను. వేరు రాతిలోకి దిగిన చోట చిటికెడంటే చిటికెడు నల్లటి పొడి పోగైంది. కుళ్లిన ఆకు ముక్కలు, రాతి నలుసులు, కాస్త తడి. పక్కన రాయి మీద బూడిదరంగు లైకెన్ నురగలా అంటుకుని ఉంది. ఈ మొక్కకు కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, భాస్వరం బసాల్టులో ఉన్నాయి. లేనిది నత్రజని. అది గాలిలోంచి రావలసిందే. ఆ లైకెన్‌లో కాపురముండే సైనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి బంధిస్తాయి. లైకెన్ చచ్చి రాలితే అది ఆ పొడిలో కలుస్తుంది. మట్టి అంటే నలిగిన రాయి అనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ చిటికెడు పొడిలో రాయి ఎంత ఉందో గాలి, నీరు తెచ్చినవీ అంతే ముఖ్యం.

మర్నాడు మౌనా లోవా, మౌనా కేయా కొండల మధ్య రోడ్డు మీదుగా దీవిని అడ్డంగా దాటాం. ఈశాన్యం నుంచి ఏడాదిలో ఎక్కువ కాలం వీచే వ్యాపార పవనాలు సముద్రపు తేమను మోసుకొచ్చి ఈ కొండలకు కొట్టుకుని పైకి లేస్తాయి. అందుకే తూర్పున హీలోలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన. కొండల చాటున ఉన్న పడమటి తీరంలో కొన్నిచోట్ల 250 కూడా పడదు. మేం వానలో బయల్దేరాం. ఎక్కుతూ ఎక్కుతూ ఒక మలుపులో మేఘం కింద ఉండిపోయింది, పైన నిర్మలమైన ఆకాశం.

అక్కడి నుంచి చూస్తే మౌనా లోవా అంత పెద్ద కొండ అనిపించదు, అంత మెల్లటి వాలుతో పరుచుకుని ఉంటుంది. 1958 మార్చిలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ గాలిలోని కార్బన్ డయాక్సైడును కొలవడం మొదలుపెట్టింది దాని వాలు మీదే. అప్పట్లో పది లక్షల పాళ్లలో 313 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. ఆ పెరుగుదల ఎంత భయపెడుతుందో, ఆ కొలతల గ్రాఫు గీతలో ఏటా వచ్చే చిన్న ఎగుడుదిగుడు అంత ఆశ్చర్యపరుస్తుంది. మే నెలలో శిఖరం, సెప్టెంబరు ప్రాంతంలో లోయ. ఉత్తరార్ధగోళంలోని అడవులు వేసవిలో ఆకు తొడిగి కార్బన్‌ను లోపలికి తీసుకోవడం, ఆకు రాల్చాక వదలడం ఈ నల్లరాతి కొండ మీద లెక్కకు అందుతుంది. 2022 నవంబరులో ఆ కొండే పేలి, ఈ కొలతలు తీసే పరిశీలనశాల దారినీ కరెంటు తీగలనూ లావా తెంచేసింది. కొలతలు కొన్నాళ్లు ఎదురుగా ఉన్న మౌనా కేయా మీద సాగాయి.

దక్షిణ తీరాన పునలూవులో కాసేపే ఉన్నాం. ఇసుక నల్లగా మెరుస్తుంది. మరుగుతున్న లావా సముద్రాన్ని తాకి పటాపంచలైన ముక్కలవి. నీళ్లలో దిగితే వెచ్చటి అల మధ్యలో ఉన్నట్టుండి చల్లటి నీరు కాళ్లకు తగిలింది. ఆ కొండల మీద కురిసిన వాన నదిగా పారకుండా సందుల రాతిలోకి దిగి, ఇక్కడ సముద్రం లోపలే ఊటలై పైకి వస్తోంది.

అక్కణ్ణుంచి వాయవ్యాన ఉన్న కవాయి దీవికి విమానం ఎక్కాం. మేం కాసేపట్లో దాటిన ఆ దూరాన్ని పలక వెంట కదలడానికి కవాయికి దాదాపు 50 లక్షల ఏళ్లు పట్టింది. దిగగానే కంటికి కొట్టింది రంగు. అక్కడ నలుపు, ఇక్కడ ఎరుపు. వైమేయా లోయ అంచున నిలబడితే 900 మీటర్లకు పైగా లోతున ఎర్రటి గోడలు. గాలిలోని కార్బన్ డయాక్సైడు వాననీటిలో కరిగితే అది పలుచని ఆమ్లమవుతుంది. ఆ నీరు లక్షల ఏళ్లు బసాల్టును కరిగించి కాల్షియం, మెగ్నీషియం సముద్రానికి చేర్చింది. అక్కడవి గవ్వలుగా, పగడపు దిబ్బలుగా మారాయి, వాటితోపాటు గాలిలోని కార్బన్ కూడా రాయిగా మారి దాక్కుంది. కరగని ఇనుము ఇక్కడే మిగిలి తుప్పు పట్టింది. వైమేయా అంటే హవాయి భాషలో ఎర్రనీరు.

ఇంత పాత మట్టి ఎంతో సారవంతమై ఉంటుందనుకున్నాను. నిజం దానికి తలకిందులు. వానకు సారం కొట్టుకుపోయింది. మిగిలిన కాస్త భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం గట్టిగా పట్టేసుకున్నాయి. శాస్త్రజ్ఞులు ఈ దీవుల్లో ఒకే జాతి ఓహియాకు ఎరువులు వేసి చూశారు. కొత్త లావా మీది చెట్టు నత్రజని వేస్తే పెరిగింది, ఈ కవాయిలోనే కోకీ అనే చోట 41 లక్షల ఏళ్ల నేల మీది చెట్టు భాస్వరం వేస్తేనే పెరిగింది. మరి ఎరువు ఎవరూ వేయని చోట ఇంత అడవి ఎలా బతుకుతోంది?

ఈ మట్టిలో క్వార్ట్జ్ అనే ఖనిజం నలుసులు దొరుకుతాయి. బసాల్టులో క్వార్ట్జ్ ఉండదు. అంటే ఎక్కడి నుంచో రావాలి. మధ్య ఆసియా ఎడారుల్లో లేచిన దుమ్ము పసిఫిక్ మీదుగా వేల కిలోమీటర్లు ఎగిరి, వానతో పాటు ఈ అడవి మీద దిగుతోంది. ఒలివర్ చాడ్విక్, పీటర్ విటౌసెక్ తదితరులు 1999లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ పాత అడవికి భాస్వరం అందించేది ఆ దుమ్మే, కాల్షియం లాంటివి సముద్రపు తుంపర్ల నుంచి వస్తాయి. కాళ్ల కింది రాయి ఇవ్వగలిగిందంతా ఎప్పుడో ఇచ్చేసింది. శిలావరణం, జలావరణం, వాతావరణం అని బళ్లో విడివిడి పాఠాలుగా చదువుకున్నాం. ఆ పాఠాలను కలిపి చెప్పాలని నాకు గట్టిగా అనిపించింది ఇక్కడే.

చివరి రోజు పిహేయా బాట ఎక్కాం. ఒకవైపు కలలావు లోయ, రెండోవైపు అలకాయి చిత్తడి అడవి, దాని అవతల ఏటా 9,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే వైయలేయలే శిఖరం. ఆ శిఖరం మాకు కనపడలేదు. మేఘం మా మీదుగానే పోతోంది, జుట్టు, కనురెప్పలు తడిసిపోయాయి. బురద మడమల దాకా వచ్చింది, పసుపు కలిసిన ఎరుపు, వేళ్ల మధ్య నలిపితే వెన్నలా ఉంది. ఒక ఓహియా మాను నిండా నాచు. బిలంలో రాతి పగులులో చూసిన ఆ ఎర్రపువ్వే దీని కొమ్మకూ ఉంది.

బాట మొదట్లో బూట్లు తోముకునే బ్రష్షులు పెట్టారు. ఓహియాలను నిలువునా ఎండగొట్టే ఒక శిలీంధ్రం మట్టితో పాటు బూట్లకంటి ఒక అడవి నుంచి ఇంకో అడవికి పోతుంది. తమ్ముడు తన బూట్లు తోముకుని నాకోసం ఆగాడు. నేను అట్టల గాళ్లలోకి కూడా పుల్ల పెట్టి గీకాను. ఎర్రటి ముద్దలు ఒక్కొక్కటే ఊడి పడ్డాయి. ఆఖరి ముద్ద పడ్డాక స్ప్రే కొట్టుకుని లేచాను.