పారాసిటమాల్ ఒక్కటే చాలదు

ఒంగోలులో ఫార్మసీ విద్యార్థులకు వడపోత, కేకు (ఫిల్టర్ మీద మిగిలే తడి ముద్ద) కడగడం, ఆరబెట్టడం నేర్పేటప్పుడు నేను పారాసిటమాల్‌తోనే మొదలుపెడతాను. అది చవకగా దొరుకుతుంది, ఇథనాల్‌లో బాగా కరుగుతుంది, హెప్టేన్‌లో దాదాపు కరగదు. అయినా ఆ ఒక్క పదార్థం సాఫీగా వడకట్టబడిందని ఫిల్టర్‌కు మంచి మార్కులు వేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం. పారాసిటమాల్ స్ఫటికాలు సాధారణంగా దిట్టంగా ఉండటంతో వాటి సందుల్లోంచి ద్రవం సులువుగా దిగిపోతుంది. మెఫెనమిక్ ఆమ్లం అలా కాదు. సాల్వెంట్‌ను (కరిగించే ద్రవాన్ని) బట్టి సన్నని సూదులుగానో పలుచని రేకులుగానో వస్తుంది, వ్యాక్యూమ్ పెట్టగానే అవి ఒకదానిమీద ఒకటి పడుకుని దారులు మూసేస్తే మదర్ లిక్కర్ (స్ఫటికాలు ఏర్పడ్డాక మిగిలే ద్రావణం) కేకు పైనే నిలిచిపోతుంది. కణాల సైజు సగానికి తగ్గితే కేకు నిరోధం సుమారు 4 రెట్లవుతుంది కాబట్టి, ఒకే పదార్థాన్ని జల్లెడ పట్టి రెండు సైజుల్లో పరీక్షించడం కూడా అవసరమే.

కడిగే దశలో పదార్థంతో పాటు సాల్వెంట్ల జతనూ ఎంచుకోవాలి. పారాసిటమాల్‌లో కొలిచిన మోతాదులో ఎసిటనిలైడ్‌ను మలినంగా కలిపితే, కడుగుడు మలినాన్ని ఎంతవరకు తీసిందో హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే పరీక్షలో) తేలుతుంది. ఇథనాల్ తడితో ఉన్న కేకు మీద ఒక్కసారిగా హెప్టేన్ పోస్తే, మదర్ లిక్కర్‌లో కరిగి ఉన్న మందు, మలినం కూడా ఘనరూపంలో బయటపడి కేకులోనే ఉండిపోవచ్చు. అందుకే ముందు ఇథనాల్, హెప్టేన్‌ల మిశ్రమంతో కడిగి, ఆ తర్వాతే హెప్టేన్ పోయిస్తాను. మిథనాల్ వాడితే మరో చిక్కు ఉంది: అది హెప్టేన్‌తో పూర్తిగా కలవదు, ఫ్లాస్కులో రెండు పొరలు కళ్లకు కనిపిస్తాయి. రోహిణి కార్తె ఎండల్లో గది వేడికి ఇథనాల్ మరింత మందును కరిగించుకుపోతుంది కనుక, కడిగే ద్రవం ఉష్ణోగ్రతను రాసుకోకుండా దిగుబడిని పోల్చకూడదు.

ఆరబెట్టేటప్పుడు మిగిలిన ఇథనాల్‌లోని మందు స్ఫటికాల మధ్య అతుకై ఉండలు కడుతుంది. చివర హెప్టేన్‌తో కడిగిన కేకు చాలావరకు పొడిపొడిగా రాలుతుంది. ఎల్‌ఓడీ (ఆరబెడితే తగ్గే బరువును కొలిచే పరీక్ష) తగ్గిన మొత్తం బరువునే చెబుతుంది, అది సముద్రపు గాలి తేమో సాల్వెంటో చెప్పదు. మిథనాల్‌కు 3000 పీపీఎం, హెప్టేన్‌కు 5000 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) అన్న ఐసీహెచ్ (మందుల నాణ్యతపై అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే సంస్థ) పరిమితులను గ్యాస్ క్రొమటోగ్రఫీతోనే సరిచూడాలి.

నీటితో కడిగే ప్రక్రియలను పరీక్షించేవారు మూర్ఛ మందు కార్బమజెపైన్‌ను కూడా పరీక్షకు తీసుకోవాలి. నీటిలో అది డైహైడ్రేట్‌గా (ఒక్కో అణువుకు రెండు నీటి అణువులు చేరిన స్ఫటికంగా) మారుతుంది, వేడితో ఆరబెడితే ఆ నీటిని వదిలేస్తుంది. కాబట్టి ఎండిన పొడి తూకంతో పాటు దాని స్ఫటిక రూపాన్నీ ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో నిర్ధారించుకోవాలి.