ర్యామ్ మీది 3200 దేనికి లెక్క?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మొదలుకొని జిల్లా కేంద్రాల్లోని చిన్న సర్వీస్ షాపుల వరకు, ర్యామ్ కావాలని అడిగినవారికి ‘ఎన్ని జీబీ, ఎంత బస్?’ (అంటే ఎంత వేగం) అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది. ‘8 జీబీ, 3200 బస్’ అని చెప్పి తెచ్చుకున్న డీడీఆర్4 రకం ర్యామ్‌కు బిల్లులో 3200 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది. దానినే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో చూస్తే 1600 మెగాహెర్ట్జ్‌కు దగ్గరి సంఖ్య కనిపిస్తుంది, ఆన్‌లైన్ అమ్మకందారు పేజీలోనేమో పీసీ4-25600 అని ఉంటుంది. కొన్నవారికి మోసపోయామేమోనన్న అనుమానం కలగడం సహజమే గానీ, ఈ మూడు సంఖ్యలూ ఒకే వస్తువును మూడు వైపుల నుంచి కొలిచినవి. వాటి మధ్య ఉన్న లెక్క హైస్కూలు గుణకారానికి మించినది కాదు కాబట్టి, కంప్యూటర్ కొనే ప్రతి ఒక్కరూ దానిని నేర్చుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ర్యామ్‌కు, ప్రాసెసర్‌కు మధ్య డేటా ఒక క్లాక్ సంకేతానికి లోబడి కదులుతుంది. 1990ల చివరి ఎస్‌డీ ర్యామ్‌లో క్లాక్ ఒకసారి కొట్టుకుంటే డేటా ఒక్కసారే కదిలేది. అందువల్ల పీసీ100, పీసీ133 అన్న పేర్లు నేరుగా క్లాక్ వేగాన్ని మెగాహెర్ట్జ్‌లో చెప్పేవి. ఆ కాలంలో ప్రాసెసర్‌ను మదర్‌బోర్డు చిప్‌సెట్‌తో కలిపే ఫ్రంట్ సైడ్ బస్ కూడా చాలా కంప్యూటర్లలో అదే 100 లేదా 133 మెగాహెర్ట్జ్‌లో నడిచేది. బస్ వేగం, ర్యామ్ వేగం ఒకటే అయిన ఆ రోజుల వాడుకే మన దుకాణాల్లో ఇప్పటికీ ‘ఎంత బస్’గా నిలిచి ఉందని నేను అనుకుంటాను.

ఈ సరళత 2000 సంవత్సరం చుట్టూ చెదిరిపోయింది. ఆ ఏడాది నవంబరులో వచ్చిన పెంటియం 4 ప్రాసెసర్‌లో ఫ్రంట్ సైడ్ బస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ మాత్రమే అయినా, ఒక్కో క్లాక్‌కు నాలుగుసార్లు డేటా కదిలేది కనుక దానిని 400 మెగాహెర్ట్జ్ బస్ అని ప్రచారం చేశారు. దాని జతగా వచ్చిన రాంబస్ మెమరీ పేరు పీసీ800. పీసీ133 పక్కన పెట్టి చూసినవారికి అది ఆరు రెట్లు వేగవంతమైనదిగా కనిపిస్తుంది. అయితే ఎస్‌డీ ర్యామ్ ఒక్కసారికి 64 బిట్లు, అంటే 8 బైట్లు పంపితే, పీసీ800 ఒక్కసారికి 16 బిట్లు, అంటే 2 బైట్లే పంపుతుంది. కాబట్టి మొదటిది సెకనుకు 1066 మెగాబైట్లు, రెండోది 1600 మెగాబైట్లు ఇస్తుంది; అసలు తేడా ఒకటిన్నర రెట్లు. క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపే డీడీఆర్ మెమరీ అదే కాలంలో రంగంలోకి దిగింది. 100 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో నడిచే డీడీఆర్-200 మాడ్యూల్‌ను, అంటే స్లాట్‌లో పెట్టే ర్యామ్ పలకను, దాని తయారీదారులు పీసీ200 అని పిలవకుండా, సెకనుకు పంపగల మెగాబైట్లను బట్టి పీసీ1600 అన్నారు. అలా ‘పీసీ’ అనే ఒకే మాట వెనుక క్లాక్ వేగం, బదిలీల సంఖ్య, బ్యాండ్‌విడ్త్ (సెకనుకు వెళ్లే డేటా) అనే మూడు వేర్వేరు కొలతలు కొద్ది సంవత్సరాల్లోనే చేరిపోయాయి.

ఈనాటి ర్యామ్‌కు వర్తించే లెక్క ఇది. డీడీఆర్ అంటేనే క్లాక్ సంకేతం పైకి లేచేటప్పుడు ఒకసారి, కిందికి దిగేటప్పుడు ఇంకోసారి డేటాను పంపే పద్ధతి కనుక, 1600 మెగాహెర్ట్జ్ క్లాక్‌కు సెకనుకు 3200 మిలియన్ల బదిలీలు జరుగుతాయి. ఒక్కో బదిలీలో 8 బైట్లు వెళ్తాయి కనుక 3200ను 8తో గుణిస్తే సెకనుకు 25600 మెగాబైట్లు వస్తాయి. 3200ను మెగాహెర్ట్జ్ అనడం సరికాదు. అది మెగాట్రాన్స్‌ఫర్లలో, అంటే సెకనుకు జరిగే మిలియన్ల బదిలీల్లో చెప్పవలసిన సంఖ్య. ఇటీవలి విండోస్ 11 అప్‌డేట్లలో టాస్క్ మేనేజర్ కూడా ఆ ప్రమాణాన్నే చూపిస్తోంది. ఆలస్యంగానైనా ఈ దిద్దుబాటు జరగడం నాకు చాలా సంతోషాన్నిచ్చింది.

పాత ల్యాప్‌టాప్‌కు సెకండ్ హ్యాండ్ ర్యామ్ వెతికేవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. డీడీఆర్3 లేబుల్ మీద పీసీ3ఎల్-12800ఎస్-11 అని ఉంటే, 12800 అన్నది బ్యాండ్‌విడ్త్. దానిని 8తో భాగిస్తే వచ్చే 1600 బదిలీల వేగం, ‘ఎల్’ 1.35 వోల్టులతో పనిచేస్తుందనడానికి గుర్తు, ‘ఎస్’ ల్యాప్‌టాప్ సైజును సూచిస్తుంది, చివరి 11 క్యాస్ లేటెన్సీ, అంటే అడిగిన డేటా రావడం మొదలయ్యేలోపు గడిచే క్లాక్ చక్రాల సంఖ్య. డీడీఆర్4 మాడ్యూల్ లేబుల్ మీద మాత్రం పీసీ4-3200ఏఏ అని ఉంటుంది. ఇక్కడ పీసీ4 పక్కన ఉన్నది నేరుగా బదిలీల వేగం. 12800 పెద్ద సంఖ్య, 3200 చిన్న సంఖ్య అనుకొని పాతదే వేగవంతమైనదని భావించేవారికి ఈ తేడాను ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి.

బదిలీల వేగం ఇన్ని రెట్లు పెరిగినా, చిప్ లోపల డేటాను దాచే కణాల వేగం దాదాపు అలాగే ఉండిపోయింది. డీడీఆర్-400, డీడీఆర్2-800, డీడీఆర్3-1600, ఈ మూడింటిలోనూ లోపలి కణాల వరుస 200 మెగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది. మారినది ఒక్కసారికి లోపలి నుంచి తీసే డేటా పరిమాణం: ఒక్కో డేటా లైనుకు మొదటి తరంలో 2 బిట్లు, రెండో తరంలో 4, మూడో తరంలో 8. గిలక తిరిగే వేగాన్ని పెంచకుండా బొక్కెనను పెద్దది చేస్తూ పోవడం లాంటిది ఇది; ప్రతిసారీ నీళ్లు ఎక్కువగా వస్తాయి గానీ, మొదటి చుక్క పైకి చేరడానికి పట్టే సమయం పెద్దగా తగ్గదు.

ఆ మొదటి చుక్క సమయాన్ని చెప్పేదే క్యాస్ లేటెన్సీ. అది క్లాక్ చక్రాల సంఖ్య కాబట్టి, దానిని నేరుగా పోల్చకూడదు. 2000తో గుణించి, బదిలీల వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. లేటెన్సీ 3 ఉన్న డీడీఆర్-400కు 15 నానోసెకన్లు, 11 ఉన్న డీడీఆర్3-1600కు 13.75, 22 ఉన్న డీడీఆర్4-3200కు కూడా సరిగ్గా 13.75 నానోసెకన్లే పడుతుంది. లేటెన్సీ 30 అనగానే కొందరు డీడీఆర్5ను పక్కన పెట్టేస్తారు గానీ, 30 ఉన్న డీడీఆర్5-6000కు, 16 ఉన్న డీడీఆర్4-3200కు వచ్చేది ఒకే 10 నానోసెకన్లు.

ఫ్రంట్ సైడ్ బస్ ఎందుకు కనుమరుగైందో కూడా ఇదే గుణకారం చెబుతుంది. 1066 బస్ ఉన్న కోర్ 2 ప్రాసెసర్‌కు సెకనుకు సుమారు 8500 మెగాబైట్లు మాత్రమే చేరగలవు. అదే కంప్యూటర్‌లో రెండు చానెళ్లలో (డేటా వెళ్లే రెండు విడి దారుల్లో) అమర్చిన డీడీఆర్2-800 ర్యామ్ 12800 మెగాబైట్లు ఇవ్వగలదు. ర్యామ్ సిద్ధంగా ఉన్నా దారి ఇరుకైపోయింది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో మొదటి కోర్ ఐ7తో ర్యామ్‌ను నడిపించే మెమరీ కంట్రోలర్‌ను ప్రాసెసర్ లోపలికే తీసుకువెళ్లాయి. ఇప్పుడు ర్యామ్ నేరుగా ప్రాసెసర్‌తో మాట్లాడుతుంది కాబట్టి, కొత్త కంప్యూటర్‌కు ఫ్రంట్ సైడ్ బస్ ఎంత అని వెతకవలసిన అవసరం లేదు.

చానెళ్ల సంగతికి మాత్రం ఎప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ విలువ ఉంది. 16 జీబీ మాడ్యూల్ ఒకటి పెడితే 64 బిట్ల దారి, 8 జీబీవి రెండు సరైన స్లాట్లలో పెడితే 128 బిట్ల దారి ఏర్పడుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌ను వాడుకుంటుంది కాబట్టి, అక్కడ 2666 నుంచి 3200కు మారడం కన్నా రెండో మాడ్యూల్ చేర్చడమే మేలని నా అభిప్రాయం. డీడీఆర్5 ఒక్క మాడ్యూల్‌లోనే 32 బిట్ల ఉపచానెళ్లు రెండు ఉంటాయి గానీ, మొత్తం 64 బిట్లే అవుతుంది కాబట్టి రెండో మాడ్యూల్ అవసరం అలాగే ఉంటుంది.

కొనేముందు ప్రాసెసర్, మదర్‌బోర్డు ఎంతవరకు అనుమతిస్తాయో చూసుకోవాలి. కోర్ ఐ5-8400 ఉన్న హెచ్310 లేదా బీ360 బోర్డులో 3200 ర్యామ్ పెట్టినా అది 2666లోనే నడుస్తుంది. రెండు వేర్వేరు వేగాల మాడ్యూళ్లను కలిపితే రెండూ సాధారణంగా తక్కువ వేగానికే దిగుతాయి. పెట్టె మీద 3600 అని ఉన్న డీడీఆర్4 కిట్‌ను, తగిన బోర్డులో పెట్టినా సరే, బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగల మదర్‌బోర్డు సెట్టింగులలోకి) వెళ్లి, పెట్టె మీది వేగాన్ని అమలు చేసే ఎక్స్ఎంపీ ప్రొఫైల్‌ను ఆన్ చేసేవరకు అది 2133, 2400 లాంటి సాధారణ వేగంలోనే ఉండిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీని తెరిచి చూస్తే, మీ ర్యామ్ ఈ క్షణాన ఏ వేగంలో నడుస్తోందో వెంటనే తెలుస్తుంది.