పరుచుకుందా, కమ్మేసిందా?

“గుర్రపుడెక్క పూలు ఊదా రంగులో భలే ఉంటాయి కదా మామయ్యా, అర్జీలో కూడా రాసేయనా?” అంది మా మేనకోడలు.

తొమ్మిదో తరగతి హోంవర్క్. కొల్లేరు గురించి రెండు పేరాలు: ఒకటి టూరిస్టుల కరపత్రానికి, ఇంకోటి కలెక్టర్‌కి అర్జీగా.

కరపత్రంలో “నీళ్ల మీద ఊదా పూలు పరుచుకున్నాయి” అని రాసింది. అర్జీకొచ్చేసరికి అదే మొక్క “కాలువను కమ్మేసింది, పడవ కదలడం లేదు” అయింది. రెండూ నిజమే. ఒకటి చదివితే ఫోటో తీసుకోవాలనిపిస్తుంది, రెండోది చదివితే ఎవర్నైనా నిలదీయాలనిపిస్తుంది.

విశేషణాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మొదటి వాక్యంలోనే అద్భుతం, సుందరం, మనోహరం అన్నీ దించేసింది. అవి కొట్టేయించి, కొల్లేరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) ఎలా కూర్చుంటాయో రాయమన్నాను. “పొడుగాటి ముక్కు గుండెకి ఆనించుకుని, పెన్షన్ లైన్లో తాతయ్యలా” అంది. నాకైతే తట్టేది కాదు.

అర్జీలో మాత్రం పోలికలు వద్దన్నాను. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేరిన సరస్సు; అందులో ఆక్రమించి వేసిన చేపల చెరువుల గట్లు 2006లో ప్రభుత్వమే కొట్టించింది. ఆ మాటలు చాలు. పక్కన “దయనీయం” అని చేరిస్తే బలం తగ్గుతుంది. (ఫైళ్లు చూసేవాళ్లకి కవిత్వం చదివే ఓపిక ఎక్కడిది!)

“మరి చెరువుల వాళ్లు అర్జీ రాస్తే?” అనడిగింది.

వాళ్ల కాగితంలో ఆ గట్లే “జీవనాధారం” అవుతాయి అన్నాను. ఇప్పుడు మూడోది కూడా రాస్తానని కూర్చుంది, హోంవర్క్‌లో లేకపోయినా.