నైపుణ్యాల పట్టిక రాస్తున్న రోజు

ఈరోజంతా టాబ్లెట్ల తయారీ విభాగం శిక్షణ పట్టికను తిరగరాయడంతోనే గడిచింది. జడ్చర్ల దగ్గరి మా ఔషధ కర్మాగారంలో ఇంతవరకు శిక్షణ అంతా హోదాను బట్టే నడిచింది. ఆపరేటరుకు ఫలానా ఎస్‌వోపీలు (పని ఎలా చేయాలో రాసిపెట్టిన పత్రాలు), సూపర్‌వైజరుకు ఫలానావి అని ఒక జాబితా ఉంటుంది. వాటిని చదివి అర్థం చేసుకున్నానని సంతకం పెట్టి, ఒక చిన్న ప్రశ్నపత్రం రాస్తే శిక్షణ పూర్తయినట్టే లెక్క. ఇకమీదట ఎవరికి ఏ పని ఎంతవరకు చేతనవునో ముందు చూసి రాసుకుని, ఆ తరువాతే ఎవరికి ఏం నేర్పాలో తేల్చాలని నిర్ణయించాము.

అందుకే ఉదయం షిఫ్టులో, గ్రాన్యూల్స్ అనే మందు రేణువులను నొక్కి మాత్రలుగా చేసే కంప్రెషన్ గదిలో నిలబడి చూశాను. బ్యాచ్ నడుస్తుండగా కొన్ని మాత్రలకు పైపొర ఊడిరావడం మొదలైంది. మావాళ్లు దీన్ని క్యాపింగ్ అంటారు. ఆపరేటరు యంత్రం ఆపి, నాలుగు మాత్రలు వేళ్లతో విరిచి చూసి, హార్డ్‌నెస్ కొలిచి, సూపర్‌వైజరుకు, నాణ్యతను చూసే క్యూఏ విభాగానికి కబురు పంపాడు. వాళ్లు వచ్చాక, బ్యాచ్ తయారీ వివరాలుండే బ్యాచ్ రికార్డు అనుమతించిన హద్దుల్లోనే, అచ్చులను తిప్పే టర్రెట్ వేగం తగ్గించి, అసలు నొక్కుడుకు ముందు మెల్లగా నొక్కే ప్రీ-కంప్రెషన్ ఒత్తిడిని కాస్త పెంచాడు. కారణం అడిగితే, "గ్రాన్యూల్స్ బాగా ఆరిపోయాయి మేడం, ఈ స్పీడులో లోపలి గాలి బయటికి పోవడానికి టైము చాలడం లేదు" అన్నాడు. తరువాత తీసిన మాత్రలను, అవి ఎంత అరుగుతాయో చూసే ఫ్రయబిలిటీ యంత్రంలో నాలుగు నిమిషాల పాటు వంద చుట్లు తిప్పితే, బరువులో నష్టం ఒక శాతం హద్దుకు బాగా లోపలే ఉంది. ఐటీఐ చదివి చేరిన ఆయన శిక్షణ ఫైలు తెరిస్తే, యంత్రం నడపడం, శుభ్రం చేయడం, లాగ్‌బుక్ నింపడం అనే వాటి కింద సంతకాలు కనిపిస్తాయి. లోపాన్ని చూసి కారణం పట్టుకోగలడన్న సంగతి ఎక్కడా నమోదు కాలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది.

హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1973లో రాసిన ఒక వ్యాసంలో, మంచి పోలీసు ఎవరవుతారో తెలుసుకోవాలంటే తెలివితేటల పరీక్ష పెట్టడం కన్నా, పోలీసు వెంట తిరిగి అతడు రోజూ చేసే పనులేమిటో చూసి రాసుకోమన్నాడు. అంతకు ముందే, 1964 ప్రాంతంలో, ఆయన బృందం కాకినాడ చిన్న వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్ ద్వారా శిక్షణ ఇచ్చి, దాని ఫలితాలను ఏళ్ల తరబడి గమనించింది. మన దేశంలో 2013 డిసెంబరులో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం కూడా, నైపుణ్యం తరగతిలో అబ్బిందా, పనిలో అబ్బిందా అన్నదానితో నిమిత్తం లేకుండా దానికి స్థాయి ఇవ్వాలనే అంటుంది. ఇంత పాత ఆలోచన మా గేటు దాటి లోపలికి రావడానికి ఇంతకాలం పట్టింది.

మధ్యాహ్నం కంప్రెషన్ పనిని విడదీశాము. మాత్రకు ఆకారమిచ్చే పంచ్‌లు, డైలు అమర్చడం, గ్రాన్యూల్స్ ప్రవాహాన్ని అంచనా కట్టడం, బరువు సరిదిద్దడం, లోపానికి కారణం కనిపెట్టడం, జరిగిన తేడాను రికార్డులో స్పష్టంగా రాయడం వేరువేరు వరుసలయ్యాయి. ప్రతి వరుసకు నాలుగు స్థాయిలు పెట్టాము: పక్కన మనిషి ఉంటే చేయగలడు, ఒంటరిగా చేయగలడు, తేడా వస్తే సరిచేయగలడు, మరొకరికి నేర్పగలడు. స్థాయిని పని జరిగే చోట కళ్లారా చూసినవారే వేయాలని నేను పట్టుబట్టాను. పట్టిక సగం నిండకముందే ఒక లాభం కనిపించింది: మాత్రలకు పైపూత వేసే కోటింగ్‌లో ఖాళీకి బయటి నుంచి మనిషిని తీసుకోబోతుండగా, గ్రాన్యులేషన్‌లో ఉన్న ఒకాయన వెనకటి ఉద్యోగంలో కోటింగ్ ప్యాన్ నడిపినవాడని తేలింది.

హోదాను తీసేస్తే తనిఖీ అధికారులకు ఏం చెబుతామని క్యూఏ వారు అడిగారు, అడగవలసిన ప్రశ్నే. మేము ఎగుమతి చేసే అమెరికా నిబంధనల్లో, అప్పగించిన పని చేయడానికి తగిన చదువు, శిక్షణ, అనుభవం, లేదా వాటి కలయిక ఉండాలని ఉంది. హోదా పేరు చాలునని లేదు. అయినా జాబ్ డిస్క్రిప్షన్లను చించి పారేయాలని నేను అనను. బ్యాచ్ రికార్డు మీద ఎవరు సంతకం పెట్టాలి, ఎవరు జవాబుదారీ అన్నది హోదాతోనే తేలాలి. మనిషి ఎదుగుదలను మాత్రం దానితో కట్టివేయకూడదు.

జీతం సంగతి ఇంకా తేలలేదు. కొత్త నైపుణ్యం వచ్చిందని పట్టికలో రాసి, జీతం పాత హోదా దగ్గరే ఆపేస్తే, అది అదనపు పనిని అంటగట్టే ఉపాయంగా మారుతుందని కార్మికులు అనుకుంటారు, అలా అనుకోవడం న్యాయమే. మూడో, నాలుగో స్థాయిలకు నెలవారీ అలవెన్సు ఉండాలని యాజమాన్యానికి నోటు రాసి సాయంత్రం పంపాను. దానికి ఒప్పుదల వచ్చేవరకు, నేర్పగలడు అనే స్థాయి కింద ఎవరి పేరూ ఎక్కించవద్దని మా విభాగంలో చెప్పాను.