పన్నెండు లక్షల దాకా టాక్స్ లేదంటగా, మరి నాకెందుకండీ రిటర్ను?

జూలైలో మా ఆఫీసు మెట్ల మీద చెప్పుల కుప్ప ఉంటుంది, మిగతా పదకొండు నెలలు ఎవరూ మెట్లెక్కరు గానీ ఎక్కడ కనబడితే అక్కడే ఆపి అడిగేస్తారు. పెళ్ళిలో పులిహోర తింటూ అడుగుతారు, బస్టాండులో అడుగుతారు, మొన్న మా బంధువుల ఇంట్లో పెద్దకార్యానికి వెళ్తే అక్కడ కూడా ఒకాయన పక్కకి తీసుకెళ్ళి "ఏమండీ, మా అబ్బాయికి నోటీసు వచ్చిందండీ" అన్నారు. భీమవరంలో పన్నెండేళ్ళుగా జనానికి ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, అంటే ఏడాది ఆదాయం లెక్క ప్రభుత్వానికి చూపించే కాగితాలు, వేసి పెట్టడమే నా పని. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది, అందుకని ఒకసారి రాసి పెట్టేస్తే ఇక ఎవరడిగినా వాట్సాప్‌లో ఇది పంపేయొచ్చని కూర్చున్నా.

ముందు ఆ పన్నెండు లక్షల సంగతి. ఇది విన్నప్పటి నుంచీ సగం మంది రిటర్ను వేయడం మానేద్దామని చూస్తున్నారు. అసలు లెక్క ఏంటంటే, 2026 మార్చి 31తో అయిపోయే 2025-26 ఏడాదికి కొత్త రెజీమ్‌లో (రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ ఉండే పద్ధతి) 4 లక్షల దాకా సున్నా, 4 నుంచి 8 దాకా 5 శాతం అంటే 20 వేలు, 8 నుంచి 12 దాకా 10 శాతం అంటే 40 వేలు, మొత్తం 60 వేలు టాక్స్ పడుతుంది. పడ్డాక ఆ 60 వేలూ 87ఏ అనే సెక్షను కింద రిబేటు ఇచ్చి మాఫీ చేస్తారు. మాఫీ కావాలంటే ముందు లెక్క చూపించాలి కదండీ! ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే, టాక్స్ సున్నా అయినా సరే. 4 లక్షలు దాటకపోయినా వ్యాపారం టర్నోవరు 60 లక్షలు దాటినా, ఏడాది కరెంటు బిల్లు లక్ష దాటినా, ఫారిన్ ట్రిప్పులకి 2 లక్షలకి మించి పెట్టినా, టీడీఎస్ (డబ్బు చేతికి రాకముందే కోసేసే టాక్స్) 25 వేలు కట్ అయినా వేయాలి. ఏసీలు నాలుగు పెట్టుకుని నాకు ఆదాయమే లేదండీ అనే వాళ్ళ కోసం పెట్టిన రూలు ఆ కరెంటు బిల్లుది అని నా అనుమానం.

జీతం వాళ్ళకి 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ కలిపి 12.75 దాకా సున్నా, ఇది అందరికీ తెలుసు. తెలియంది షేర్ల సంగతి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా వీధి కుర్రాడికి డిడక్షన్ పోగా 10 లక్షలు జీతం, షేర్లు కొన్న ఏడాది లోపే అమ్మి లక్షన్నర సంపాదించాడు, మొత్తం పదకొండున్నర, పన్నెండు దాటలేదు కాబట్టి టాక్స్ లేదనుకుని ఆ డబ్బులతో బండి కొనేశాడు. ఆ లక్షన్నర మీద 20 శాతం, సెస్సుతో కలిపి 31,200 కట్టాలి, ఎందుకంటే షేర్ల లాభం లాంటి స్పెషల్ రేటు ఆదాయానికి కొత్త రెజీమ్‌లో ఆ రిబేటు తగలదు. చెప్పేసరికి వాడి మొహం చూడాలి.

ఇక వ్యాపారాల వాళ్ళు. ఇక్కడే నాకు ఎక్కువ మాట్లాడాలని ఉంటుంది.

మా ఆఫీసు కిందే టిఫిన్ హోటల్ పెట్టుకున్న బాబాయ్ ఉన్నాడు, పెసరట్టు ఆయన చేతిలోనే తినాలి. ఆయన ఒక రోజు మధ్యాహ్నం గిరాకీ అయిపోయాక చేతికి పిండి కడుక్కోకుండానే పైకొచ్చి "ఒరేయ్ అబ్బాయ్, ఆ స్కానరు పీకేద్దామనుకుంటున్నాన్రా" అన్నాడు. ఎందుకు బాబాయ్ అంటే, 2025 జూలైలో బెంగళూరులో చిన్న చిన్న కొట్ల వాళ్ళకి యూపీఐ లెక్కలు చూసి నోటీసులు వచ్చాయి కదా, వాళ్ళంతా క్యాష్ ఓన్లీ అని బోర్డులు పెట్టారు కదా, ఆ వీడియో ఎవరో ఇప్పుడు పంపారట. అవి జీఎస్టీ నోటీసులు బాబాయ్, రిజిస్ట్రేషన్ తీసుకోని వాళ్ళకి పంపినవి, నువ్వు కంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద ఇంత అని జీఎస్టీ కట్టే పద్ధతి) 5 శాతం కడుతూనే ఉన్నావు కదా అని కూర్చోబెట్టా. సౌండ్ బాక్సు కింద మోగుతూనే ఉంది, "నలభై రూపాయలు అందాయి" అని, ఆయన అది మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు.

ఆయన లెక్క ఇది. ఏడాదికి ఫోన్‌పేలో, బ్యాంకులో వచ్చింది 30 లక్షలు, క్యాష్ 8 లక్షలు. 44ఏడీ అనే సెక్షన్ ప్రకారం పుస్తకాలు రాయక్కర్లేదు, ఖర్చుల బిల్లులు దాచక్కర్లేదు, టర్నోవరు మీద ఇంత లాభం అని చూపిస్తే చాలు. క్యాష్‌లో వచ్చిన దాని మీద 8 శాతం, బ్యాంకులో వచ్చిన దాని మీద 6 శాతం. అంటే 30 లక్షల మీద 1,80,000, 8 లక్షల మీద 64,000, వెరసి 2,44,000. స్కానరు పీకేసి అంతా క్యాష్ చేస్తే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది గానీ తగ్గదు! పైగా ఈ సెక్షను మామూలుగా 2 కోట్ల టర్నోవరు దాకానే, క్యాష్ 5 శాతం లోపు ఉంటే 3 కోట్ల దాకా ఇస్తారు.

ఆగండి, ఇక్కడే అందరూ చేసే తప్పు. 2,44,000 అనేది కనీసం చూపించాల్సింది, అంతే చూపించాలని కాదు. నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలని చట్టం. నిజంగా ఎంత మిగులుతుంది బాబాయ్ అంటే ఆయన నీళ్ళు నమిలాడు, వెనకాలే టీ పట్టుకొచ్చిన పిన్ని మాత్రం "ఏడు, ఏడున్నర మిగులుద్ది బాబూ" అనేసింది. ఆడవాళ్ళకి ఇంటి లెక్క తెలిసినట్టు ఏ ఆడిటరుకీ తెలియదు. సరే, ఏడున్నర చూపిస్తే టాక్స్ ఎంత? 17,500 పడుతుంది, రిబేటులో మొత్తం పోతుంది, సున్నా. రెండు లక్షల నలభై నాలుగు వేలు చూపించినా సున్నాయే, ఏడున్నర చూపించినా సున్నాయే. మరి తక్కువ చూపించి ఏం బావుకున్నట్టు? ఆయన ఇన్నాళ్ళూ వేరే చోట రెండున్నర లక్షలే వేయించుకున్నాడు, పోయినేడు పెంకుటిల్లు తీసి డాబా వేద్దామని హౌస్ లోన్‌కి వెళ్తే బ్యాంకు వాళ్ళు మూడేళ్ళ ఐటీఆర్‌లు, అంటే వేసిన రిటర్నులు, తెమ్మని, అవి చూసి మీకు లోన్ రాదండీ అని పంపించేశారు. టాక్స్ భయంతో తక్కువ చూపించి చివరికి ఇల్లు పోగొట్టుకున్నాడు ఆయన.

టాక్స్ పడే వాళ్ళు మాత్రం మార్చి 15 గుర్తుపెట్టుకోండి. 44ఏడీ వాళ్ళకి అడ్వాన్స్ టాక్స్ (ఏడాది అయిపోకముందే కట్టేది) నాలుగు వాయిదాలు కాదు, టాక్స్ 10 వేలు ఆపైన పడితే మొత్తం మార్చి 15 లోపు ఒకేసారి కట్టాలి. ఇంకో మెలిక, ఒకసారి 44ఏడీలోకి వచ్చి ఐదేళ్ళు నిండకుండా బయటికి వెళ్తే మళ్ళీ ఐదేళ్ళు రానివ్వరు.

మా ఊరికి సంబంధించింది చెప్పకుండా ఎలా? రొయ్యల చెరువులు. ప్రతి ఏడాదీ కనీసం పది మందితో ఇదే వాదన, "వ్యవసాయ ఆదాయానికి టాక్స్ లేదు కదండీ, చెరువు మా పొలంలోనే కదా తవ్వాం" అని. పొలంలో తవ్వినా కొండ మీద తవ్వినా చేపలు, రొయ్యలు పెంచడం ఇన్‌కమ్ టాక్స్ దృష్టిలో వ్యవసాయం కాదు, వ్యాపారం. కోళ్ళఫారం, పాల డెయిరీ కూడా అంతే. వరి వేసి అమ్మిన డబ్బుకి టాక్స్ లేదు, అదే భూమిని చెరువు చేసి రొయ్య పట్టిస్తే ఉంది. నేను చెరువు చేయను, ఎకరానికింత అని లీజుకి ఇచ్చానండీ అంటారు, ఆ లీజు కూడా వ్యవసాయ ఆదాయం కాదు. చెరువు చేసే రైతు 44ఏడీలో వేసుకోవచ్చు, పట్టుబడి డబ్బులు బ్యాంకులో పడితే 6 శాతమే. వైట్ స్పాట్ రోగం వచ్చి చెరువంతా పోయిన ఏడాది మాత్రం కష్టం, నష్టం చూపించాలంటే మేత బిల్లుల నుంచీ సీడ్ (రొయ్య పిల్లలు) దాకా పుస్తకాలు ఉండాలి, ఆ పుస్తకాలు ఎవరి దగ్గరా ఉండవు, మేత షాపు వాళ్ళ చీటీలు తప్ప. ఇంకోటి, ఒక్క అమ్మకానికి 2 లక్షలు గానీ ఆపైన గానీ క్యాష్ తీసుకోకండి, ఎంత తీసుకుంటే అంతా పెనాల్టీ వేసే సెక్షను ఉంది, అదీ తీసుకున్నవాడికే.

ఇన్సూరెన్స్ ఏజెంట్లు 44ఏడీ వేస్తుంటారు, కుదరదు, కమిషన్ ఆదాయానికి ఆ సెక్షను లేదు. ఐటీఆర్-3 అనే ఫారం వేయాలి. మా సొంత పిన్నికే ఇది చెప్పడానికి రెండేళ్ళు పట్టింది.

ఇక చదివింపులు, అమెరికా డబ్బులు. డాలస్‌లో ఉన్న కొడుకు నాన్నకి ఎంత పంపినా నాన్నకి టాక్స్ లేదు, ఆ డబ్బు ఎఫ్‌డీ వేస్తే వచ్చే వడ్డీ మాత్రం నాన్న ఆదాయమే. చుట్టాలు ఇస్తే లేదు, బయటివాళ్ళు ఇచ్చింది ఏడాదికి 50 వేలు దాటితే మొత్తానికీ ఉంది. చుట్టం అంటే ఎవరన్నది చట్టంలో రాసి ఉంది, అది మన చుట్టరికం లాంటిది కాదు. మేనమామ చుట్టమే, మేనత్త చుట్టమే, చిన్నాన్న చుట్టమే, చిన్నాన్న కొడుకు మాత్రం చుట్టం కాదు! పెళ్ళిలో ఎవరు చదివించినా ఆ పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురుకీ టాక్స్ లేదు, గృహప్రవేశానికి ఆ వెసులుబాటు లేదు. ఇది చెప్తే నమ్మరు, గూగుల్ చేసుకుని వచ్చి మళ్ళీ అడుగుతారు.

రిఫండు ఇప్పిస్తాం, పది శాతం మాకివ్వండి అనే వాళ్ళ జోలికి వెళ్ళకండి. మా క్లయింటు ఒకాయన టీచరు, నన్ను కాదని అలా ఒకరి దగ్గరికి వెళ్తే లేని ఇంటి అద్దె, ఇవ్వని పార్టీ విరాళం వేసి 70 వేలు రిఫండు తెప్పించారు. ఆ తర్వాత 2025 జూలైలో డిపార్టుమెంటు ఇలాంటి వాళ్ళ మీద దేశం మొత్తం మీద 150 చోట్ల సోదాలు చేసింది, ఈయనకి నిద్ర పోయింది. రిఫండు ఇప్పించిన ఆయన ఫోన్ ఎత్తడు. చివరికి అప్‌డేటెడ్ రిటర్ను (గడువు దాటాక తప్పు సరిదిద్దుకుంటూ వేసేది) వేసి 70 వేలూ వడ్డీతో సహా వెనక్కి కట్టి, ఆ పైన 25 శాతం అదనం కట్టాడు. అదీ మొదటి ఏడాది లోపు వచ్చాడు కాబట్టి 25, ఆలస్యమయ్యే కొద్దీ 50, 60, 70 అవుతుంది.

వేసేసి వెరిఫై చేయడం మర్చిపోయే వాళ్ళ గురించి ఏం చెప్పను. 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయకపోతే టైముకి వేసినట్టు కాదు, 5 లక్షలు దాటిన వాళ్ళకి 5 వేలు, లోపు వాళ్ళకి వెయ్యి లేటు ఫీజు పడే ప్రమాదం. ఆధార్‌కి ఎప్పుడో పారేసిన సిమ్ నంబరు ఉంటుంది, చివరి రోజు రాత్రి పదింటికి ఫోన్ చేసి ఓటీపీ రావట్లేదండీ అంటారు, నేనేం చేయను. 2025లో గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కి, మళ్ళీ ఒక్క రోజు 16కి పొడిగించారు కదా, అప్పటి నుంచీ ఎలాగూ పొడిగిస్తారులే అని అందరికీ ధీమా వచ్చేసింది.

ఏప్రిల్ 1, 2026 నుంచి కొత్త ఇన్‌కమ్ టాక్స్ చట్టం అమలు, అందులో సెక్షన్ల నంబర్లన్నీ వేరు, అసెస్‌మెంట్ ఇయర్ అనే మాట పోయి టాక్స్ ఇయర్ అంటారు. 2026 మార్చి దాకా ఉన్న ఆదాయానికి మాత్రం పాత చట్టమే, కంగారు పడకండి.

బాబాయ్ స్కానరు పీకలేదు. ఈ సారి ఏడున్నర లక్షలే చూపిద్దామని ఒప్పుకున్నాడు, పిన్ని ఒప్పించిందనాలి. నా ఫీజు ఇద్దామని జేబులోంచి నోట్లు తీసి, మళ్ళీ లోపల పెట్టేసి, "వద్దులేరా, నీక్కూడా ఫోన్‌పే చేస్తా, నీకూ ఆరు శాతమే పడుద్ది" అన్నాడు. మా లాంటి వృత్తి వాళ్ళది 44ఏడీఏ అనే వేరే సెక్షను, క్యాష్ ఇచ్చినా ఫోన్‌పే చేసినా కనీసం 50 శాతం లాభం చూపించాలని చెబుదామనుకుని, ఆయన ఆనందం చూసి ఊరుకున్నా.